సాగరశోధకుడు రోజర్ రెవెల్

మన పూర్వులు సముద్రుని రత్నాకరుడన్నారు. ఎన్ని నదులు వచ్చి కలిసినా పొంగి పొరలని ఆ జలరాశిని చూసి, దాని కడుపులో బడబాగ్ని దాగి ఉన్నదని, అది నిత్యం నీటిని ఆరగిస్తూ సాగరుని చెలియలికట్ట దాటనీయకున్నదని భావించారు. ఆ భావనను నేటి శాస్త్రం అంగీకరించదు. కాని తనలో వచ్చి చేరినదాన్ని సముద్రం ఎక్కడ దాచుకొంటుంది, ఎంతవరకు దాచుకోగలదు అన్న ప్రశ్న మాత్రం పాతబడలేదు. ఇరవయ్యో శతాబ్ది నడుమ ఆ ప్రశ్న కొత్త రూపంలో తిరిగి తలయెత్తింది. ఈసారి సముద్రంలో కలుస్తున్నది నదీజలం కాదు. కర్మాగారాల పొగగొట్టాల నుండి, రైలింజన్ల నుండి, మోటారు వాహనాల నుండి వెలువడిన కార్బన్ డయాక్సైడ్. మానవుడు విడిచిన ఈ వాయువునంతటినీ సముద్రం మింగివేస్తుందా, లేక కొంత గాలిలోనే మిగిలిపోతుందా? ఈ ప్రశ్నకు సమాధానం వెదికినవారిలో ముందువరుసలో నిలిచినవాడు అమెరికా దేశపు సముద్రశాస్త్రవేత్త రోజర్ రెవెల్.

రెవెల్ 1909 మార్చి 7న అమెరికా పశ్చిమ తీరంలోని సియాటిల్ నగరంలో జన్మించాడు. బాల్యంలోనే ఆయన కుటుంబం కాలిఫోర్నియాలోని పాసడీనాకు తరలి వెళ్ళింది. పొమోనా కళాశాలలో చేరినప్పుడు ఆయన మనస్సు పత్రికారచన వైపు ఉండేది. అక్కడి భూగర్భశాస్త్ర ఆచార్యుడు ఆల్ఫ్రెడ్ వుడ్‌ఫర్డ్ పాఠాలు ఆ మనస్సును రాళ్ళవైపు, నేలపొరలవైపు తిప్పాయి. మంచి గురువు దొరికితే శిష్యుని దారి మారడం లోకంలో కొత్త కాదు. 1929లో పట్టభద్రుడై, పై చదువుకు బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చేరాడు. 1931లో ఎలెన్ క్లార్క్‌ను వివాహమాడాడు. ఆమె స్క్రిప్స్ వంశానికి బంధువు. లా హోయా అనే చిన్న సముద్రతీరపు ఊరిలో ఉన్న స్క్రిప్స్ సముద్రశాస్త్ర సంస్థ ఆ వంశం వారి దాతృత్వం వల్ల ఏర్పడినదే. అదే సంవత్సరం రెవెల్ విద్యార్థిగా ఆ సంస్థలో అడుగుపెట్టాడు.

ఆయనకు అప్పగించిన మొదటి పని బురదను పరీక్షించడం. కార్నెగీ అనే పరిశోధక నౌక పసిఫిక్ మహాసముద్రపు లోతుల నుండి బురద నమూనాలను సేకరించింది. 1929లో సమోవా దీవుల రేవులో ఆ నౌక ప్రేలిపోయింది. కాని అది సేకరించిన నమూనాలు మిగిలాయి. వాటిని పరిశీలించి రెవెల్ 1936లో డాక్టరేటు పొందాడు. ఆ బురదలో ఎక్కువ భాగం సున్నపురాయిని పోలిన కాల్షియం కార్బొనేట్. సముద్రంలో నివసించే సూక్ష్మజీవుల గుల్లలు అడుగుకు రాలి పేరుకొన్న పదార్థం అది. ఎంత లోతులో అది కరుగుతుంది, ఎక్కడ కరుగక నిలుస్తుంది అని ఆలోచించేటప్పుడు సముద్రజలంలోని కర్బనపు లెక్కలన్నీ ఆయన చేతి మీదుగా నడిచాయి. ఇరవై యేళ్ళ తరువాత ఆయనకు కీర్తి తెచ్చిన పనికి పునాది అక్కడే పడింది.

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో రెవెల్ అమెరికా నౌకాదళంలో పనిచేశాడు. యుద్ధానంతరం 1946లో పసిఫిక్ మహాసముద్రంలోని బికినీ దీవుల వద్ద అణుబాంబు పరీక్షలు జరిగినప్పుడు, అక్కడి సముద్ర పరిశీలనలను నడిపే బాధ్యత ఆయనపై పడింది. వినాశానికి పుట్టిన ఆ ప్రయోగాల నుండి సముద్రశాస్త్రానికి ఒక జ్ఞానం లభించింది. రేడియోధార్మికత సోకిన నీరు ఎటు పోతున్నదో కొలవడం సులభం కనుక, సముద్రపు పొరలు ఒకదానితో ఒకటి ఎంత నెమ్మదిగా కలుస్తాయో ఆ కాలపు పరిశీలనల వల్ల తెలిసింది. సముద్రం మొత్తం ఒకే కుండలోని నీరు కాదు. వెలుతురు తగిలే పలుచని వెచ్చని పొర పైన, చీకటిలోని అపారమైన చల్లని నీరు క్రింద ఉంటాయి. పై పొరలో గాలివాటుకు నీరు చక్కగా కలుస్తుంది. పై నీరు లోతులకు చేరి, మళ్ళీ పైకి రావడానికి మాత్రం వందల సంవత్సరాలు, కొన్ని చోట్ల వేయి సంవత్సరాల దాకా పడుతుంది. ఈ విషయం గుర్తుంచుకొంటే ముందు చెప్పబోయేది సులభంగా బోధపడుతుంది.

1948లో రెవెల్ స్క్రిప్స్ సంస్థకు తిరిగివచ్చాడు. 1951లో దానికి సంచాలకుడై 1964 వరకు ఆ పదవిలో ఉన్నాడు. ఆరడుగులకు మించిన పొడగరి, గంభీరమైన విగ్రహం, విశాలమైన ఆలోచన గల మనిషి. కాగితాల పని మీద మాత్రం ఆయనకు శ్రద్ధ తక్కువని సహచరులు చెప్పుకొనేవారు. ఆయన హయాంలో స్క్రిప్స్ నౌకలు పసిఫిక్ మహాసముద్రాన్ని నలుదిక్కులా గాలించాయి. సముద్రగర్భం నుండి పైకి వచ్చే వేడిని కొలిచాయి. అడుగున ఉన్న పర్వతాలను, అగాధాలను గుర్తించాయి. ఆ యాత్రలన్నింటినీ వర్ణించడానికి ఇక్కడ చోటు చాలదు. మనకు కావలసిన కథ 1955లో మొదలవుతుంది.

ఆ కథకు కొంత పూర్వరంగం ఉంది. ఆమ్లాల, క్షారాల పాఠంలో విజ్ఞానశాస్త్ర విద్యార్థులకు పరిచితుడైన స్వీడన్ దేశస్థుడు అర్హీనియస్, గాలిలో కార్బన్ డయాక్సైడ్ హెచ్చితే భూమి వేడెక్కుతుందని 1896లోనే లెక్క వేశాడు. 1938లో ఇంగ్లండుకు చెందిన గై కాలెండార్ అనే ఇంజనీరు ఆ వాయువు నిజంగానే పెరుగుతున్నదని వాదించాడు. శాస్త్రజ్ఞులలో చాలామంది ఆ మాటను లెక్కచేయలేదు. వారి ధైర్యం సముద్రం. వాతావరణంలో ఉన్న కర్బనం కంటె నలభై రెట్లకు పైగా కర్బనం సముద్రంలో ఉంది. అంతటి మహాకోశానికి మానవుడు విడిచే పొగ ఒక లెక్కా అని వారి నమ్మకం.

1955లో ఆస్ట్రియాలో పుట్టిన హాన్స్ సూస్ అనే రసాయన శాస్త్రవేత్తను రెవెల్ స్క్రిప్స్‌కు రప్పించాడు. కార్బన్-14 అనే రేడియోధార్మిక కర్బనాన్ని కొలవడంలో సూస్ దిట్ట. బొగ్గు, పెట్రోలియం కోట్ల సంవత్సరాల క్రిందటి జీవపదార్థం నుండి ఏర్పడినవి. వాటిలోని కార్బన్-14 ఎప్పుడో క్షయించిపోయింది. కనుక వాటిని కాల్చినప్పుడు వచ్చే పొగలో ఆ కర్బనం ఉండదు. ఇటీవలి చెట్ల కాండపు వలయాలలో కార్బన్-14 పాలు కొద్దిగా తగ్గినట్లు సూస్ కనుగొన్నాడు. అంటే కర్మాగారాల పొగ వాతావరణంలో కలిసి చెట్లలోకి కూడా చేరిందన్నమాట. అయితే తగ్గుదల అనుకొన్నంత లేదు. మిగిలిన పొగ ఎక్కడికి పోయింది? సముద్రంలోకేనని సహజంగా తోస్తుంది.

ఇద్దరూ కలిసి వ్రాసిన వ్యాసం 1957లో టెల్లస్ అనే పత్రికలో వెలువడింది. గాలిలోని ఒక కార్బన్ డయాక్సైడ్ అణువు సముద్రంలోకి దిగడానికి సగటున పదేళ్ళ పాటు గాలిలో ఉంటుందని వారు తేల్చారు. పదేళ్ళంటే ప్రకృతి లెక్కలో రెప్పపాటు. అంత త్వరగా సముద్రం పొగను అందుకొంటున్నప్పుడు ఇక భయమేమిటి? వ్యాసంలో ఎక్కువ భాగం ఈ ధైర్యాన్నే ఇస్తుంది. కాలెండార్ చెప్పినంత పెరుగుదలకు పరిశ్రమల పొగ ఒక్కటే కారణం కావడం అసంభవమని కూడా వారు వ్రాశారు. ఇతర కారణాలు తోడై ఉండవచ్చునని చెబుతూ, సముద్రపు సగటు ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరగడాన్ని వాటిలో ఒకటిగా పేర్కొన్నారు. సముద్రపు వేడిమికి, దానిలోని కర్బనానికి గల సంబంధం ఆనాడే ఆ పుటలలో చోటు చేసుకొంది.

వ్యాసం పూర్తి కావస్తున్న దశలో రెవెల్‌కు ఒక సందేహం కలిగింది. బురద నమూనాలతో గడిపిన రోజుల నాటి రసాయన శాస్త్రం ఆయనను కుదురుగా ఉండనీయలేదు. సముద్రజలం ఉత్త నీరు కాదు. అందులో లవణాలు, క్షారాలు ఉన్నాయి. అందులో దిగిన కార్బన్ డయాక్సైడ్ వాయువుగానే ఉండిపోదు. నీటిలోని కార్బొనేట్‌తో చేరి బైకార్బొనేట్‌గా మారుతుంది. సముద్రంలో కరిగి ఉన్న అకర్బన రూపపు కర్బనంలో నూటికి తొంబై పాళ్ళ వరకు ఈ బైకార్బొనేటే. వాయువుగా మిగిలేది నూటికి ఒక పాలు మాత్రమే. మన ఊళ్ళ పెళ్ళిపందిళ్ళలో భోజనాల బంతిని తలచుకోండి. పందిరి ఎంత విశాలమైనదైనా వేసిన విస్తళ్ళు ఎన్నో అంతమందే కూర్చోగలరు. సముద్రంలో ఆ విస్తళ్ళ వంటిది కార్బొనేట్. వచ్చిన వాయువు దానిని వాడుకొంటూ పోయిన కొద్దీ ఖాళీ విస్తళ్ళు తగ్గిపోతాయి. తరువాత వచ్చినవారు పందిరి బయటనే నిలబడవలసి వస్తుంది.

ఈ లెక్క వేసినప్పుడు రెవెల్‌కు తేలిన ఫలితం విచిత్రమైనది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది శాతం పెరిగితే, సముద్రపు పై పొరలోని మొత్తం కర్బనం ఒక్క శాతం మాత్రమే పెరుగుతుంది. అంటే సముద్రం లోనికి తీసుకొంటుంది, కాని వెంటనే చాలావరకు తిరిగి విడిచిపెడుతుంది. పదేళ్ళలో అణువు దిగిపోవడం నిజమే. దానికి బదులుగా మరొక అణువు పైకి రావడమూ నిజమే. బస్సు ఆగినప్పుడు ఎక్కేవారెందరో దిగేవారూ ఇంచుమించు అందరే అయితే, ఎందరు ఎక్కినా బస్సులోని జనం పెరగరు గదా! ఈ పది రెట్ల నిష్పత్తికే తరువాతి కాలంలో రెవెల్ గుణకమనే పేరు వచ్చింది.

ఈ విషయాన్ని ఆయన వ్యాసం తొలి ప్రతికి తరువాత చేర్చాడు. విడి కాగితం మీద టైపు చేసి అంటించిన ఆ భాగం, వ్యాసంలోని తక్కిన ధోరణితో పూర్తిగా పొసగలేదు. ఒకచోట భయం లేదని, మరొకచోట ఉండవచ్చునని చెప్పినట్లుంటుంది. అవధానం చేసేవానికి వలె శాస్త్రవేత్తకు కూడా ఒక్కొక్కప్పుడు పూర్వార్ధం ఒక తీరున, ఉత్తరార్ధం ఒక తీరున నడుస్తాయి కాబోలు. రెవెల్ పొరపడలేదని చెప్పడం ఆయన గొప్పతనాన్ని పెంచదు. తన మొదటి నిర్ణయానికి ఎదురుగా నిలిచిన లెక్కను ఆయన దాచలేదు. భూగర్భంలో కోట్ల సంవత్సరాలుగా పేరుకొన్న కర్బనాన్ని కొద్ది శతాబ్దాలలో గాలికి, సముద్రానికి తిరిగి ఇచ్చివేసే ప్రయోగాన్ని మానవజాతి తెలియకుండానే మొదలుపెట్టిందన్న భావాన్ని ఆ వ్యాసంలోనే ఆయన సూచించాడు. ఆ లెక్కలోని పూర్తి అర్థాన్ని 1959లో స్వీడన్ శాస్త్రజ్ఞులు బెర్ట్ బోలిన్, ఎరిక్ ఎరిక్సన్ విడమరచారు. సముద్రాన్ని పై పొర, లోతు పొర అని రెండు గదులుగా విభజించి, ఒక గది నుండి మరొక గదికి కర్బనం ఎంత వేగంతో పోతుందో వారు గణిత సమీకరణాలలో చూపించారు. పై గది త్వరగా నిండుతుంది. క్రింది గది తలుపు చిన్నది. అందువల్ల గాలిలో వాయువు పేరుకొనక తప్పదు.

ఇటువంటి గణిత నిర్మాణాలను శాస్త్రజ్ఞులు నమూనాలంటారు. ఆనాటి రెండు గదుల నమూనా నేడు కంప్యూటరులో లక్షలాది గదులుగా పెరిగింది. ప్రతి గదికీ ఉష్ణోగ్రత, లవణత, ప్రవాహం, సూక్ష్మజీవుల సంఖ్య వంటివి వేరువేరుగా లెక్కిస్తారు. వీటిలో ఉష్ణోగ్రత పాత్ర అత్యంత కీలకం. దీనికి మనకు తెలిసిన ఉదాహరణ గోలీసోడా. ఐసుముక్కల మధ్య ఉంచిన సోడాను కొట్టినప్పుడు వాయువు నీటిలోనే చాలాసేపు నిలుస్తుంది; ఎండలో వెచ్చబడిన సోడాను కొడితే నురగంతా పైకి చిమ్మి నిమిషంలో చప్పబడిపోతుంది. సముద్రం తీరూ ఇదే. మంచుబిందువు దగ్గరి చల్లని సముద్రజలం, 25 డిగ్రీల వెచ్చని జలం కంటె రెండు రెట్లకు పైగా కార్బన్ డయాక్సైడ్‌ను కరిగించుకోగలదు. నీటి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే అందులోని ఈ వాయువు పీడనం సుమారు 4 శాతం హెచ్చుతుంది. కనుక ధ్రువప్రాంతాల చల్లని సముద్రాలు వాయువును లోనికి పీలుస్తాయి. భూమధ్యరేఖ వద్ద లోతు నుండి పైకి వచ్చి వెచ్చబడే నీరు దానిని బయటికి విడుస్తుంది.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. చల్లని నీరు వాయువును ఎక్కువగా కరిగించుకొన్నా, అప్పటికే దానిలో కార్బొనేట్ చాలావరకు ఖర్చయి ఉంటుంది. అందువల్ల రెవెల్ గుణకం ఉష్ణమండల జలాలలో 9కి దగ్గరగా ఉంటే, ధ్రువప్రాంత జలాలలో 13 దాకా వెళుతుంది. గుణకం హెచ్చుగా ఉన్నదంటే అదనపు పొగను అందుకొనే శక్తి తక్కువని అర్థం. మరొకవైపు, పై పొర వెచ్చబడితే తేలికవుతుంది. తేలికైన నీరు క్రిందికి దిగదు. దిగకపోతే లోతు గది తలుపు ఇంకా ఇరుకవుతుంది. అడుగు నుండి పైకి రావలసిన పోషకాలు తగ్గితే, కర్బనాన్ని తిని చనిపోయి లోతులకు మోసుకుపోయే సూక్ష్మజీవులు కూడా తగ్గుతాయి. ఒక్క ఉష్ణోగ్రత మారితే ఇన్ని దారులలో ప్రభావం కనిపిస్తుంది. ఈ దారులన్నింటినీ కలిపి చూపగలిగినది నమూనా ఒక్కటే. నేడు మానవుడు విడిచే కార్బన్ డయాక్సైడ్‌లో నాలుగవ వంతును సముద్రం అందుకొంటున్నది. వేడెక్కిన సముద్రం రేపు కూడా ఇంత వాటాను అందుకొంటుందా అన్నదే ఈ శాస్త్రజ్ఞులందరినీ వేధిస్తున్న ప్రశ్న.

లెక్క ఎంత చక్కనిదైనా కొలత లేనిదే నిలువదని రెవెల్‌కు బాగా తెలుసు. 1957-58 సంవత్సరాలను అంతర్జాతీయ భూభౌతిక వత్సరంగా ప్రపంచ శాస్త్రజ్ఞులు జరిపినప్పుడు, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచేందుకు నిధులు కావాలని ఆయన అమెరికా చట్టసభ ఎదుట నిలిచి అడిగాడు. 1956లో చార్లెస్ డేవిడ్ కీలింగ్ అనే యువకుని స్క్రిప్స్‌లో నియమించాడు. ఒకసారి ప్రపంచమంతటా కొలిచి ఉంచుకొంటే, మరి కొన్నేళ్ళకు మళ్ళీ కొలిచి పోల్చవచ్చునని మొదట్లో రెవెల్ ఆలోచన. కీలింగ్ పట్టుదల వేరు. ఒకేచోట ఎడతెగకుండా కొలవాలని, అందుకు ఖరీదైన పరికరాలు కావాలని ఆయన కోరాడు. 1958 మార్చిలో హవాయీ దీవులలోని మౌనా లోవా అగ్నిపర్వతం మీద కొలతలు మొదలయ్యాయి. అప్పుడు పది లక్షల పాళ్ళ గాలిలో 313 పాళ్ళు ఉన్న కార్బన్ డయాక్సైడ్, 2024 నాటికి 420 పాళ్ళను దాటింది. 1964లో నిధులు చాలక కొన్ని మాసాలు కొలతలు ఆగిపోయాయి. తక్కిన కాలమంతా ఆ గీత పైకే సాగింది. గురువు ఊహను మించి శిష్యుడు పోవడం చూసి సంతోషించగల గుణం రెవెల్‌లో ఉండేది.

ఈ పరిశోధనల నడుమనే ఆయన మరొక కల కన్నాడు. లా హోయాలో ఒక గొప్ప విశ్వవిద్యాలయాన్ని నెలకొల్పాలన్నది ఆ కల. దేశం నలుమూలల నుండి హేమాహేమీలైన ఆచార్యులను ఆయన ఆహ్వానించాడు. అప్పుడొక చిక్కు ఎదురైంది. ఆ ఊరిలోని ఇళ్ళను యూదులకు అమ్మకూడదని స్థలాల యజమానులు, దళారులు కట్టుబాటు చేసుకొని ఉన్నారు. ఈ కట్టుబాటు తొలగితే తప్ప విశ్వవిద్యాలయం రాదని, రెండింటిలో ఏది కావాలో తేల్చుకోవలసింది ఊరివారేనని రెవెల్ ఖండితంగా చెప్పాడు. ఊరు దిగివచ్చింది. 1960లో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం అవతరించింది. కాని దానికి అధ్యక్షుడు కావలసిన పదవి ఆయనకు దక్కలేదు. పాలకమండలిలో కొందరికి ఆయన ముక్కుసూటి తీరు రుచించలేదు. 1961లో భౌతిక శాస్త్రజ్ఞుడు హెర్బర్ట్ యార్క్‌ను ఆ స్థానంలో నియమించారు. తాను నాటిన చెట్టు నీడలో మరొకరు కూర్చోవడం రెవెల్‌ను బాగా బాధించింది. తరువాత అక్కడి మొదటి కళాశాలకు ఆయన పేరు పెట్టారు. అప్పటికే ఆయన ఆ ఊరు విడిచి వెళ్ళిపోయాడు. 1964లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో జనాభా అధ్యయన కేంద్రానికి సంచాలకుడయ్యాడు. అక్కడ ఆయన పాఠాలు విన్న విద్యార్థులలో అల్ గోర్ ఒకడు. ఆయన అనంతరకాలంలో అమెరికా ఉపాధ్యక్షుడై, వాతావరణ మార్పుపై చేసిన ప్రచారానికి 2007లో నోబెల్ శాంతి బహుమతిని పంచుకొన్నాడు.

1965లో అమెరికా అధ్యక్షుడు జాన్సన్‌కు శాస్త్ర సలహాదారుల మండలి సమర్పించిన పర్యావరణ నివేదికలో కార్బన్ డయాక్సైడ్‌ను గురించిన భాగాన్ని రెవెల్ నాయకత్వంలోని బృందమే రచించింది. కీలింగ్ కూడా అందులో సభ్యుడు. ఒక ప్రభుత్వాధినేత ముందుకు ఈ విషయం ఇంత స్పష్టంగా రావడం అదే తొలిసారి అని చెప్పుకోవచ్చు.

రెవెల్ జీవితం మన దేశంతో కూడా ముడిపడి ఉంది. ప్రపంచంలోని సముద్రాలలో హిందూ మహాసముద్రాన్ని గురించి తెలిసినది మిక్కిలి తక్కువ అని 1950లలో శాస్త్రజ్ఞులు గుర్తించారు. 1957లో ఏర్పడిన అంతర్జాతీయ సముద్ర పరిశోధన సంఘానికి రెవెల్ మొదటి అధ్యక్షుడు. ఆ సంఘం ఆలోచన నుండే అంతర్జాతీయ హిందూ మహాసముద్ర యాత్ర రూపుదిద్దుకొంది. 1959 నుండి 1965 వరకు పలుదేశాలకు చెందిన నలభై నౌకలు ఈ మహాసముద్రాన్ని శోధించాయి. కృష్ణానది పేరు ధరించిన మన నౌకాదళపు ఓడ కిస్ట్నా వాటిలో ఒకటి. ఆ యాత్ర ఫలితంగానే 1966 జనవరి 1న మన జాతీయ సముద్రశాస్త్ర సంస్థ ఏర్పడింది. దాని ప్రధాన స్థానం గోవా. విశాఖపట్నంలో ఒక ప్రాంతీయ కేంద్రం ఉంది. అంతకు ముందే 1950లలో, ఒకప్పుడు స్క్రిప్స్‌లో పనిచేసిన లాఫాండ్ అనే శాస్త్రవేత్త వాల్తేరుకు వచ్చి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు అధ్యాపకులతో, విద్యార్థులతో కలిసి బంగాళాఖాతపు ఉష్ణోగ్రతలను, ప్రవాహాలను పరిశీలించాడు. రెండవ హిందూ మహాసముద్ర యాత్ర 2015లో గోవాలో ప్రారంభమైనప్పుడు, దాని కార్యాలయాలలో ఒకటి హైదరాబాదులోని భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రంలో ఏర్పడింది. సముద్రం కనిపించని నగరంలో సముద్రపు నాడి చూసే వైద్యులున్నారన్నమాట.

విద్యార్థులకు దగ్గరి సంబంధం గల మరొక ముచ్చట ఉంది. 1964లో భారత ప్రభుత్వం దౌలత్ సింగ్ కొఠారీ అధ్యక్షతన విద్యా కమిషన్‌ను నియమించింది. అందులోని కొద్దిమంది విదేశీ సభ్యులలో రెవెల్ ఒకడు. పదేళ్ళ పాఠశాల విద్య, ఆపై రెండేళ్ళ చదువు, ఆ తరువాత మూడేళ్ళ డిగ్రీ అనే అంచెలను 1966లో ఆ కమిషన్ సిఫారసు చేసింది. నేడు మీరు చదువుతున్న రెండేళ్ళ తరగతి ఆ అంచెలలో నడిమిది. సింధు లోయలో నీరు నిలిచి, ఉప్పు తేలి పొలాలు చవుడు బారుతున్న సమస్యపై పాకిస్తాన్‌కు సలహా ఇచ్చిన అమెరికా బృందానికి కూడా ఆయనే నాయకత్వం వహించాడు. 1975లో వి. లక్ష్మీనారాయణతో కలిసి గంగానదీ జలాలను గురించి ఒక వ్యాసం ప్రకటించాడు. వేసవిలో నది ఒడ్డున భూగర్భజలాన్ని తోడి వాడుకొంటే, వర్షకాలపు వరదనీరు ఆ ఖాళీలోకి ఇంకి నిలువ ఉంటుందన్నది అందలి ఆలోచన.

1970ల నడుమ రెవెల్ తాను నాటిన విశ్వవిద్యాలయానికే ఆచార్యుడుగా తిరిగివచ్చాడు. అధికారం లేని ఆ ఉద్యోగంలో ఆయన యువకులకు పాఠాలు చెబుతూ, వాతావరణ మార్పును గురించి ప్రభుత్వాలను హెచ్చరిస్తూ గడిపాడు. 1990లో అమెరికా జాతీయ విజ్ఞాన పతకం ఆయనను వరించింది. 1991 జులై 15న గుండెజబ్బుతో శాన్ డియాగోలో కన్నుమూశాడు.

ఆయన మరణానంతరం స్క్రిప్స్ సంస్థ తన పరిశోధక నౌకలలో ఒకదానికి రోజర్ రెవెల్ అని నామకరణం చేసింది. ఆ నౌక 2007లోను, మళ్ళీ 2016లోను హిందూ మహాసముద్రపు దక్షిణ కొసన ఉన్న అతిశీతల జలాల నుండి బయలుదేరి, ఉత్తరంగా బంగాళాఖాతం వరకు ఒకే దారి వెంట ప్రయాణించింది. దారిలో ప్రతి మజిలీ వద్ద అడుగు దాకా సీసాలు దించి, నీటి ఉష్ణోగ్రతను, లవణతను, అందులో కరిగిన కర్బనాన్ని కొలిచింది. గోదావరి, కృష్ణ, గంగ వంటి నదుల మంచినీరు పరచుకొని పై పొర తేలికగాను, వెచ్చగాను ఉండే బంగాళాఖాతంలో ఆ సీసాలు పైకి తెచ్చిన నీటిని, తొమ్మిదేళ్ళ క్రిందటి నీటితో శాస్త్రజ్ఞులు పోల్చి చూశారు.